బ్యాంకాక్ అనగానే ఆ నవ్వెందుకు?

(విశాఖపట్నంలో ఒక కాలనీ గ్రంథాలయ వార్షికోత్సవ సభలో, రిటైరైన ఒక సోషల్ టీచర్ చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం. వేదిక మీద ఉన్న పెద్దల్ని పేరుపేరునా తలుచుకోవడం పద్ధతే. కానీ నాకు ముందు మాట్లాడినవాళ్ళందరూ ఆ పని చేశారు, టైమ్ కూడా ఏడు దాటింది. అందరికీ కలిపి ఒకే నమస్కారం.

కార్యదర్శి గారు నాకిచ్చిన అంశం ‘విదేశీ యాత్రలు – తీసుకోవలసిన జాగ్రత్తలు’. వరసగా కాగితం మీద రాసుకొచ్చాను. అయితే ఇందాక నన్ను పరిచయం చేస్తూ ఆయన, ‘మేడమ్ గారు వాళ్ళ అమ్మగారిని తీసుకుని బ్యాంకాక్ వెళ్ళొచ్చారు’ అనగానే హాల్లో అటువైపు నుంచి ఒక నవ్వు వినిపించింది. ఎవరు నవ్వారో నేను చూడలేదు. చూడాలని కూడా లేదు. కానీ దాని గురించి మాట్లాడకుండా ఈ కాగితం చదవలేను.

బ్యాంకాక్ అనే పేరుకి మన దగ్గర ఆ నవ్వు అంటుకుపోయింది. నలుగురు మగవాళ్ళు వెళ్తే భుజం తట్టి కన్నుగీటుతారు. మా బంధువుల్లో ఒకాయన ఇంట్లో సింగపూర్ అని చెప్పి వెళ్ళాడు. మా అమ్మ వస్తానంటే మా పెద్దమ్మ ఫోన్ చేసి, ‘ఈ వయసులో ఆ ఊరెందుకే, నలుగురూ ఏమనుకుంటారు?’ అంది. అప్పటికి అమ్మకి డెబ్భై దాటాయి. నలుగురూ ఏమనుకుంటారోనని ఒక డెబ్భై ఏళ్ళ మనిషి గోడల మీద రామాయణం చూడ్డానికి వెళ్ళకూడదా? మీరే చెప్పండి.

2024 ఏప్రిల్‌లో మన ఊరి నుంచి బ్యాంకాక్‌కి నేరుగా విమానం మొదలైనప్పుడు నాకు ఆశ పుట్టింది. ఊళ్ళో ఒక ట్రావెల్ ఆఫీసుకి వెళ్ళాం, అమ్మ, నేను, మా అమ్మాయి. అక్కడి అబ్బాయి మర్యాదగానే కూర్చోబెట్టి, ‘జెంట్స్ ఎవరూ రావట్లేదా మేడమ్?’ అన్నాడు. రావట్లేదన్నాను. ప్యాకేజీ కాగితం చేతికిచ్చాడు. రాత్రుళ్ళు చాలావరకు పట్టాయా అనే బీచ్ ఊళ్ళోనే. బ్యాంకాక్‌కి సగం రోజు ‘సిటీ టూర్’, అందులో మళ్ళీ రత్నాల షాపు ఒకటి. గ్రాండ్ ప్యాలెస్ ఏదయ్యా అని అడిగితే, ‘అది ఆప్షనల్ మేడమ్, ఎక్స్‌ట్రా అవుతుంది, పెద్దగా ఎవరూ అడగరు’ అన్నాడు. 1782లో ఆ నగరాన్ని రాజధాని చేసుకున్న మొదటి రామ రాజు (వాళ్ళ ఇప్పటి రాజవంశంలో రాజులందరికీ ‘రామ’ అనే బిరుదు) కట్టించిన కోట, ఆ దేశమంతా చేతులెత్తి మొక్కే మరకత బుద్ధుడున్న చోటు, మన ప్యాకేజీలో ఆప్షనల్! ఆ కాగితం మడిచి టేబుల్ మీదే పెట్టేసి లేచాం. సొంతంగా వెళ్ళాం.

ఆ కోటలోని గుడి చుట్టూ ఒక పెద్ద వసారా ఉంది. దాని గోడల మీద 178 చిత్రాల్లో రామకియెన్, అంటే వాళ్ళ రామాయణం. నాగలి చాలులో సీత దొరకడంతో మొదలై గుడిని చుట్టి వస్తుంది. రంగుల మధ్య బంగారు పూత మెరుస్తూ ఉంటుంది. జనం ఎక్కువమంది గుడి ముందు ఫోటోలు దిగి వెళ్ళిపోతారు, వసారాలో కాస్త ఖాళీ ఉంటుంది. అమ్మ చదివింది ఐదో తరగతి. ఒక్క బోర్డూ చదవకుండా, ఎవర్నీ అడగకుండా ఒక్కో బొమ్మ దగ్గర ఆగి కథ చెప్పుకుంటూ పోయింది. ఇదిగో వాలి సుగ్రీవులు. ఇదిగో వారధి. ఒకచోట మాత్రం ఆగిపోయింది. ఆకాశమంత ఎదిగిన హనుమంతుడు, ఆయన నోట్లో ఒక మంటపం. ‘ఇదేమిటే?’ అంది. మా అమ్మాయి ఫోన్‌లో చూసి చెప్పింది. అది మైరావణుడి కథ. రాముణ్ణి ఎత్తుకుపోతాడని హనుమంతుడు ఆ మంటపాన్నే నోట్లో దాచుకున్నాడట. అమ్మ ఒప్పుకోలేదు. ‘కాదే, తోకతో కోట కట్టి కాపలా కాశాడు కదా! చిన్నప్పుడు తోలుబొమ్మల్లో చూశాను’ అని అక్కడే గట్టిగా వాదన. ఒక స్కూలు పిల్లల గుంపు చుట్టూ చేరింది. వాళ్ళ టీచరమ్మ అమ్మ చేతుల కదలిక చూస్తూనే కథ పట్టేసింది. చేతిని తోకలా చుట్టి చూపించి, కాదన్నట్టు తల ఊపి, తన నోరు పెద్దగా తెరిచి చూపించింది. ఇద్దరూ ఒక్కసారి నవ్వారు. ఆ నవ్వు మీరు విని ఉండాల్సింది. భాష రాని ఇద్దరు ఆడవాళ్ళు హనుమంతుడి గురించి పోట్లాడుకుంటున్నారు! ముప్పై ఏళ్ళు పిల్లలకి ఆసియా దేశాల పాఠం చెప్పాను, మ్యాప్ గీయించాను, ముఖ్య పంటలు రాయించాను. అది పాఠం. ఇది వేరు.

ఇంకా ఉంది, వినండి. మసాజ్ అనగానే కదా ఎక్కువ నవ్వు వస్తుంది? ప్యాలెస్ పక్కనే వాట్ ఫో గుడి. 46 మీటర్ల పొడవున పవళించిన బుద్ధుడు, పాదాల మీద ముత్యపు చిప్పతో పొదిగిన 108 శుభ చిహ్నాలు. ఆ గుడి ఆవరణలోనే మసాజ్ నేర్పే బడి ఉంది. ఒంట్లో నరాల దారులు ఎటు పోతాయో, ఎక్కడ నొక్కితే ఏ నొప్పి తగ్గుతుందో మూడో రామ రాజు కాలంలో రాళ్ళ మీద చెక్కించి పెట్టారు, బీదా గొప్పా అందరూ చదువుకోవడానికి. 2019లో యునెస్కో ఆ విద్యని మానవజాతి వారసత్వ జాబితాలో చేర్చింది. ఆ గుడిలోనే ఒకావిడ మా అమ్మ మోకాళ్ళు పట్టింది. మొదలుపెట్టే ముందు చేతులు జోడించింది, అయ్యాక మళ్ళీ జోడించింది. దీనికా మనం నవ్వేది?

పట్టాయాలో మీరు విన్నది లేదని నేననను. ఉంది. అక్కడి బార్లలో పనిచేసే ఆడపిల్లల్లో చాలామంది ఈశాన్ అనే ఈశాన్య ప్రాంతపు బీద పల్లెల నుంచి వచ్చి, నెలనెలా ఇంటికి డబ్బు పంపేవాళ్ళు. కొనడానికి మనవాళ్ళు విమానాలెక్కి వెళ్తూ, సిగ్గు మాత్రం ఆ ఊరికి అంటగడుతున్నారు. మన ఊరినే తీసుకోండి. బయటి కుర్రాళ్ళు వైజాగ్ వచ్చి బీచ్ రోడ్డు లాడ్జిలో రెండు రోజులు తాగి వెళ్ళిపోయి, అదే వైజాగ్ అని చెప్పుకుంటే మనకెలా ఉంటుంది? తొట్లకొండ మీద రెండు వేల ఏళ్ళ నాటి బౌద్ధ విహారం వాళ్ళు చూశారా? సింహాచలంలో చందనోత్సవం చూశారా? ఇక్కడ కూర్చున్నవాళ్ళలో తొట్లకొండ ఎంతమంది ఎక్కారో చేతులెత్తమని అడగాలని ఉంది. సరే, అది ఇంకో రోజు మాట్లాడుకుందాం.

కార్యదర్శి గారు గడియారం చూస్తున్నారు. కాగితంలో ఉన్నవి గబగబా చెప్పేస్తాను.

బయల్దేరే ముందు ఆన్‌లైన్‌లో థాయ్‌లాండ్ డిజిటల్ అరైవల్ కార్డు నింపాలి. 2025 మే 1 నుంచి తప్పనిసరి. అది ఉచితం. డబ్బడిగే సైట్లు దొంగవి. వీసా నియమాలు మారుతుంటాయి, టికెట్ కొనేముందు వాళ్ళ రాయబార కార్యాలయం సైట్ చూసుకోండి.

ప్యాలెస్ బయట ఎవరో చక్కగా ఇంగ్లీషులో మాట్లాడుతూ వచ్చి, ‘ఈరోజు మూసేశారు, పూజ జరుగుతోంది, తక్కువకే టుక్‌టుక్‌లో వేరే గుళ్ళు చూపిస్తాను’ అంటాడు. ఆ టుక్‌టుక్ చివరికి ఆగేది రత్నాల షాపు దగ్గరే. వినకుండా నేరుగా గేటు దగ్గరికి నడవండి. పొద్దున ఎనిమిదిన్నరకి తెరుస్తారు, మూడున్నర తర్వాత లోపలికి వదలరు. విదేశీయులకి టికెట్టు 500 భాట్‌లు. భుజాలు, మోకాళ్ళు కనబడకూడదు. నిక్కర్లు వేసుకున్న మగవాళ్ళని గేటు దగ్గరే ఆపేస్తారు.

రోడ్డు మీద ట్రాఫిక్ సాయంత్రం కదలదు. టాక్సీలో కూర్చుని మీటర్ చూస్తూ టెన్షన్ పడే బదులు స్కైట్రైన్ (వంతెన మీద నడిచే మెట్రో రైలు) ఎక్కి సఫాన్ తక్సిన్ స్టేషన్‌లో దిగండి. కిందే సాథోన్ రేవు. అక్కడ నారింజ రంగు జెండా ఉన్న పడవ ఎక్కండి. పక్క కౌంటర్‌లో టూరిస్టు పడవ టికెట్లు అమ్ముతుంటారు, వాటి ధర ఎక్కువ. నారింజ జెండా పడవలో ఆఫీసుకి పోయేవాళ్ళు, భిక్షువులు, స్కూలు పిల్లలు ఉంటారు. కండక్టరమ్మ చేతిలో రేకు గొట్టం ఉంటుంది. చిల్లర, టికెట్లు అందులోనే. దాన్ని గలగలలాడిస్తూ వస్తుంది. చావో ఫ్రయా నది మీద ఆ పడవలో కూర్చుంటే అరగంటలో ఊరు అర్థమవుతుంది. నిజం చెప్తున్నాను, డబ్బున్నా లేకపోయినా ఆ పడవ మాత్రం వదులుకోకండి.

శాకాహారులు పసుపు జెండా మీద ఎర్ర అక్షరమున్న కొట్లు వెతుక్కోండి. అక్కడ మాంసం, చేప ఉండవు, ఉల్లి వెల్లుల్లి కూడా వేయరు. మామూలు హోటల్లో కూర అంతా కూరగాయలే అయినా చేపల సాస్ పడుతుంది. మనవాళ్ళ వంట కావాలంటే పహురాత్ వీధికి వెళ్ళండి. సీలోమ్‌లో మారియమ్మన్ గుడి ఉంది, తమిళులు కట్టుకున్నది. పొద్దున ఎనిమిదికి, సాయంత్రం ఆరింటికి స్టేషన్లలో, పార్కుల్లో జాతీయగీతం వస్తుంది. అందరూ నడక ఆపేస్తారు, మీరూ ఆగండి. ఎవరి తలా తాకకండి, బుద్ధుడి వైపు కాళ్ళు చాపకండి, వాళ్ళ రాజు గురించి తేలిగ్గా మాట్లాడకండి. అక్కడ దానికి జైలుంది.

పెద్దవాళ్ళని తీసుకెళ్ళేవాళ్ళకి ఒక్క మాట. స్కైట్రైన్ స్టేషన్లకి మెట్లు ఎక్కువ. లిఫ్టు అన్ని వైపులా ఉండదు, ఎటు ఉందో ముందే మ్యాప్‌లో చూసుకోండి. రోజుకి ఒక గుడి చాలు. మధ్యాహ్నం ఎండలో గదికి వచ్చేయండి.

రేవుల పేర్లు, ఏ రేవులో ఏ గుడికి దిగాలో తెలుగులో రాసి జిరాక్స్‌లు తీయించి తెచ్చాను. లైబ్రేరియన్ అమ్మాయి దగ్గర పెట్టాను. ఇంట్లో అమ్మనో అత్తగారినో తీసుకెళ్ళాలనుకునేవాళ్ళు ముందు తీసుకోండి. కాపీలు తక్కువే ఉన్నాయి.