సాక్ష్యం చెప్పించే ముందు రిపోర్టు సరిగ్గా చదవండి

పాస్టరుగార్లకు, ఇమాం సాబులకు, అర్చకులకు, గురుస్వాములకు నమస్కారం.

2021 జాతీయ అంచనా ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో హెచ్‌ఐవీతో బతుకుతున్నవారు మూడు లక్షలకు పైనే. పెద్దవాళ్లలో దేశం మొత్తమ్మీద నూటికి 0.21 మందికి ఉంటే, ఆంధ్రలో 0.67, తెలంగాణలో 0.47. ఆదివారం ఆరాధనలో, జుమ్మా నమాజులో, మాల వేసుకున్న స్వాముల్లో వీళ్లు ఇప్పటికే ఉన్నారు. ఎవరన్నది మీకు తెలియదు. తెలుసుకోవాల్సిన పనీ లేదు.

మందు సంగతికి వద్దాం. 2004 ఏప్రిల్ 1 నుంచి ప్రభుత్వం ఏఆర్‌టీ మందులు, అంటే హెచ్‌ఐవీని అణిచి ఉంచే మందులు, ఉచితంగా ఇస్తోంది. 2017 నుంచి సీడీ4 (ఒంట్లో రోగనిరోధక శక్తిని చూపే కణాల లెక్క) ఎంత ఉన్నా సరే, పాజిటివ్ అని తేలితే మందు మొదలుపెట్టేస్తున్నారు. ఇప్పుడు ఎక్కువమందికి రోజుకు ఒకటే మాత్ర. టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్ మూడూ అందులోనే ఉంటాయి. ఆరు నెలలకు వైరల్ లోడ్, అంటే రక్తంలో వైరస్ ఎంత ఉందో చూసే పరీక్ష చేస్తారు. గొడవంతా ఆ రిపోర్టు దగ్గరే మొదలవుతుంది.

మందు బాగా పనిచేస్తే అందులో ‘టార్గెట్ నాట్ డిటెక్టెడ్’ అని వస్తుంది. దాన్ని ‘నెగటివ్ వచ్చింది’ అని చదివి, స్వస్థత సభలో మైకు ఇచ్చి ‘దేవుడు బాగుచేశాడు’ అని సాక్ష్యం చెప్పిస్తారు. చప్పట్లు మోగుతాయి. మర్నాటి నుంచి మాత్ర ఆగిపోతుంది. ఆ రిపోర్టు చెప్పేది ఒక్కటే: రక్తంలో వైరస్ యంత్రానికి దొరకనంత తగ్గిపోయింది. కొన్ని కణాల్లో అది నిద్రపోతూనే ఉంటుంది. మందు ఆపితే చాలామందిలో కొద్ది వారాల్లోనే మళ్లీ రక్తంలోకి వస్తుంది. మాటిమాటికీ ఆపి మొదలుపెడితే ఆ మందుకు వైరస్ లొంగకుండా పోయే ప్రమాదం ఉంది. సభ ముగిసి అందరూ ఇళ్లకు పోతారు, జ్వరంతో, టీబీతో ఆసుపత్రిలో చేరేది ఆ సాక్ష్యం చెప్పిన మనిషే.

వైరల్ లోడ్ అలా అణిగి ఉన్నంతకాలం ఆ మనిషి నుంచి భాగస్వామికి లైంగికంగా వైరస్ సోకదు. నిజంగా సాక్ష్యంగా చెప్పుకోదగ్గది ఏదైనా ఉంటే అది ఇదే. కానీ ఈ మాట వేదిక మీద నుంచి వినపడటం అరుదు.

కాబట్టి స్వస్థత ప్రార్థన చేయండి, వద్దనం. ప్రార్థన అయ్యాక ‘మాత్ర మానకండి’ అన్న మాట మీ నోటితోనే చెప్పండి. ఆరోగ్య సిబ్బందిగా మేం పదిసార్లు చెప్పినా రాని ఫలితం మీరు ఒక్కసారి చెబితే వస్తుంది. మాత్రను సాయంత్రం ప్రార్థనకో, మగ్రిబ్ నమాజుకో, దీపం పెట్టే వేళకో ముడిపెట్టుకుంటే మరిచిపోరు. ఒక పూట మరిస్తే గుర్తొచ్చినప్పుడు వేసుకోవాలి, మర్నాడు రెండు కలిపి మింగకూడదు.

ఉపవాసాల గురించి మమ్మల్ని ఎక్కువగా అడుగుతారు. ఈ మాత్రను తిన్నాకైనా, తినకముందైనా వేసుకోవచ్చు. రంజాన్‌లో ఇఫ్తార్ తర్వాతో, సహరీలోనో ఒక వేళ పెట్టుకుని నెలంతా అదే పాటించాలి. చిక్కు వచ్చేది రెండు చోట్ల. ఐరన్, క్యాల్షియం మాత్రలు డోలుటెగ్రావిర్‌ను ఒంటికి పట్టనివ్వవు. రెండూ భోజనంతో కలిపి వేసుకుంటే ఇబ్బంది లేదు. పరగడుపున అయితే హెచ్‌ఐవీ మాత్ర వాటికంటే రెండు గంటల ముందో, ఆరు గంటల తర్వాతో పడాలి. గర్భిణులకు ఇది మరీ ముఖ్యం. ఇక టీబీకి రిఫాంపిసిన్ వాడుతున్నవారికి పన్నెండు గంటల తేడాతో డోలుటెగ్రావిర్ అదనంగా ఇంకో మాత్ర ఉంటుంది. వాళ్లు ఉపవాసం పెట్టుకునే ముందు డాక్టరును అడగాల్సిందే. శబరిమల బయల్దేరేవారు ప్రయాణం రోజులకు, ఇంకో వారానికి సరిపడా మందు ముందే తెచ్చుకోవాలి.

ఇప్పుడు నోటి సంగతి. ‘ఫలానా వీధి ఫలానా చెల్లెమ్మ కోసం ప్రార్థించండి, హెచ్‌ఐవీ ఉంది’ అని వాట్సాప్ గ్రూపులో పెట్టేవారి ఉద్దేశం మంచిదే కావచ్చు. సాయంత్రానికి ఆ మాట కిరాణా కొట్టు దాకా పోతుంది, వారానికి ఇల్లు ఖాళీ చేయమంటారు. హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం 2017లో వచ్చింది, 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉంది. నమ్మి చెప్పిన సంగతిని ఆ మనిషి అనుమతి లేకుండా బయటపెట్టకూడదని అందులో ఉంది. మీ దగ్గర చెప్పుకున్నది మీ ఇంట్లోవాళ్లకు కూడా చెప్పకండి.

పెళ్లికి ముందు హెచ్‌ఐవీ లేదన్న సర్టిఫికెట్ అడిగే సంఘాలున్నాయి. మంచికే అనుకుంటారు, కానీ అందులో లొసుగులున్నాయి. వైరస్ సోకిన కొత్తలో, పరీక్షలో వెతికే యాంటీబాడీలు (వైరస్‌ను ఎదిరించడానికి ఒళ్లు తయారుచేసుకునేవి) రక్తంలో తయారై ఉండవు, నెగటివ్ అనే వస్తుంది. అందుకే అనుమానం ఉంటే మూడు నెలలకు మళ్లీ చేస్తారు. పైగా ఆ కాగితం పెద్దల చేతులు మారుతూ పిల్ల పరువు తీస్తుంది. మనిషి ఒప్పుకోనిదే పరీక్ష చేయకూడదు. దానికి బదులు ఇద్దర్నీ కలిపి ప్రభుత్వాసుపత్రిలోని హెచ్‌ఐవీ పరీక్ష, సలహా కేంద్రానికి (ఐసీటీసీ) పంపండి. పరీక్ష ఉచితం. ఫలితం ఎవరిది వాళ్లకే చెబుతారు. ఒకరికొకరు ఎలా చెప్పుకోవాలో కౌన్సెలర్ చూసుకుంటారు. పాజిటివ్ ఉన్నవారు పెళ్లి చేసుకోవచ్చు. తల్లి మందు సరిగ్గా వాడి, బిడ్డకు పుట్టగానే మందు వేయిస్తే బిడ్డకు సోకే అవకాశం చాలా తక్కువ. పుట్టింటికి కాన్పుకు పంపేటప్పుడు ఆమె మందుల పుస్తకం సంచిలో ఉందో లేదో చూడమనండి.

వేదిక మీద కండోమ్ మాట ఎత్తలేమంటే ఎత్తకండి. అది పాపమనీ, పనిచేయదనీ మాత్రం అనొద్దు. ‘చేసుకున్నవారికి చేసుకున్నంత’ అన్న ధోరణిలో ప్రసంగిస్తే, భర్త వల్ల సోకిన ఇల్లాలు వెనక బెంచీలో తలదించుకుంటుంది, పరీక్షకు ఇక రాదు. ఉగాండాలో ఆంగ్లికన్ మతగురువు గిడియన్ బ్యాముగిషా 1992లో తనకు హెచ్‌ఐవీ ఉందని బహిరంగంగానే చెప్పారు. మతపెద్దకే ఉంటే ఇక ఇది పాపానికి శిక్ష అన్న మాట ఏమవుతుంది?

చావు దగ్గర చేసే తప్పులు కూడా చెప్పాలి. శవాన్ని ప్లాస్టిక్‌లో చుట్టి, ఎవరూ ముట్టకుండా తీసుకెళ్లే పద్ధతి ఇంకా అక్కడక్కడా ఉంది, అవసరం లేదు. స్నానం చేయించేవారు, గుసుల్ ఇచ్చేవారు చేతులకు గ్లౌజులు వేసుకోవాలి, తమ చేతి మీద గాయముంటే కట్టు కట్టుకోవాలి. రక్తం పడ్డచోట బ్లీచింగ్ నీళ్లు పోసి కాసేపు ఉంచి కడగాలి. ఇది ఏ శవానికైనా పాటించాల్సిన జాగ్రత్తే. పాడె మోయడానికి నలుగురు దొరకకపోతే మొదటి భుజం మీరు పట్టండి, తక్కినవారు వస్తారు.

సందేహాలకు 1097కు ఫోన్ చేయొచ్చు, ఉచితం. ఆ నంబరు మీ నోటీసు బోర్డు మీద రాయించండి. కానీ అందరూ నిలబడే గుమ్మం పక్కన కాదు, చెప్పులు విడిచే చోట. అక్కడైతే ఎవరూ గమనించకుండా రాసుకోవచ్చు.