సాఫ్ట్‌వేర్ కొనేశాం కదా, మళ్లీ ఏటా డబ్బులెందుకు?

[తెర మీద: ట్యాలీ ప్రైమ్ ‘ఎబౌట్’ స్క్రీన్. టీఎస్‌ఎస్ గడువు తేదీ ఉన్న లైను మీద పసుపు రంగు.]

నమస్తే. ఈ లైను ఎప్పుడైనా గమనించారా? మీ కంప్యూటర్లో ట్యాలీ, అంటే షాపు లెక్కలు రాసుకునే సాఫ్ట్‌వేర్, ఉంటే ఎఫ్1 నొక్కి ‘ఎబౌట్’లోకి వెళ్లండి, మీకూ కనిపిస్తుంది. ఈ తేదీ దగ్గర పడిందంటే మీకు ట్యాలీ అమ్మిన పార్ట్‌నర్ దగ్గర్నుంచి ఫోన్ వస్తుంది. ‘సార్, మీ టీఎస్‌ఎస్ అయిపోతోంది, రెన్యువల్ చేసేద్దామా?’ షాపు ఓనరు జవాబు ఏ ఊళ్లో అయినా దాదాపు ఒకటే. ‘లైఫ్‌టైమ్ లైసెన్స్ అనే కదయ్యా అమ్మారు? మళ్లీ డబ్బులేంటి?’

న్యాయమైన ప్రశ్నే. అమ్మినవాడు అబద్ధం చెప్పలేదు, కొన్నవాడు తప్పుగా వినలేదు. కాకపోతే ఆ లైఫ్‌టైమ్ ఏ వెర్షన్ వరకు అన్న సంగతి కొన్నరోజున ఎవరూ ఎత్తలేదు.

ట్యాలీ కొన్నప్పుడు మీకు వచ్చేవి రెండు. ఒకటి లైసెన్స్. సిల్వర్ అయితే ఒక్కరికి, గోల్డ్ అయితే ఒకే లాన్‌లో, అంటే ఆఫీసు లోపలి నెట్‌వర్క్‌లో, ఉన్న అందరికీ. దానికి గడువు లేదు. రెండోది టీఎస్‌ఎస్, అంటే ట్యాలీ సాఫ్ట్‌వేర్ సర్వీసెస్. కొత్త లైసెన్స్‌తో మొదటి ఏడాది కలిసి వస్తుంది, తర్వాత ఏటా కట్టుకోవాలి. పేచీ అంతా ఈ రెండోదానితోనే.

టీఎస్‌ఎస్ అయిపోయిన మర్నాడు ట్యాలీ ఆగిపోదు. బిల్లులు కొట్టుకోవచ్చు, లెడ్జర్లు చూసుకోవచ్చు, బ్యాలెన్స్ షీట్ తీసుకోవచ్చు. ఆగిపోయేవల్లా ఆ తేదీ తర్వాత విడుదలైన రిలీజులు, అంటే కొత్త వెర్షన్లు, ఇంకా ట్యాలీలోంచే నేరుగా ఈ-ఇన్‌వాయిస్ (ప్రభుత్వ పోర్టల్‌లో నమోదయ్యే బిల్లు) తీయడం లాంటి ఆన్‌లైన్ సేవలు.

[తెర మీద: కొత్త రిలీజు ఇన్‌స్టాల్ అవుతున్న దృశ్యం.]

ఇక్కడే కొంతమంది బోల్తా పడతారు. టీఎస్‌ఎస్ అయిపోయి చాలా కాలమైంది. కొత్త రిలీజు కంపెనీ వెబ్‌సైట్‌లో ఊరికే డౌన్‌లోడ్ అవుతోంది కదా అని దించేసి ఇన్‌స్టాల్ చేస్తారు. అవుతుంది కూడా. తెరిస్తే ‘ఎడ్యుకేషనల్ మోడ్’ అని ఉంటుంది! కంప్యూటర్ సెంటర్‌లో ట్యాలీ నేర్చుకున్న బీకాం వాళ్లకి ఈ మోడ్ బాగా పరిచయం. వోచర్ తేదీ 1, 2, 31 తప్ప ఇంకోటి తీసుకోదు. నేర్చుకునే రోజుల్లో నెల మొత్తం వ్యాపారం ఒకటో తారీఖునే జరిగిపోయినట్టు ఎంట్రీలు వేసినవాళ్లు ఇది చూస్తూ నవ్వుకుంటూ ఉంటారు. సొంత షాపులో 14వ తారీఖు పర్చేజ్ వేయబోతుంటే అదే మోడ్ ఎదురైతే మాత్రం నవ్వు రాదు. లైసెన్సే పోయిందేమోనని కంగారు పడతారు.

పోలేదు. సాఫ్ట్‌వేర్ రెండు తేదీలు పక్కపక్కన పెట్టి చూసింది, అంతే. ఈ రిలీజు ఎప్పుడు విడుదలైంది? మీ టీఎస్‌ఎస్ ఎప్పటితో ముగిసింది? గడువు లోపల వచ్చిన రిలీజు అయితే లైసెన్స్‌తో నడుస్తుంది. ఒక్కరోజు తర్వాత వచ్చినదైనా నడవదు. అంటే మీరు ఏటా కడుతున్నది సాఫ్ట్‌వేర్‌కి కాదు, ఈ తేదీని ఇంకో ఏడాది ముందుకు జరపడానికి. ఇది ఒక్కటి పట్టుకుంటే మిగతా కంపెనీల పద్ధతులు కూడా తేలిగ్గా అర్థమవుతాయి.

సరే, పాత రిలీజు మళ్లీ వేసుకుంటే పోలా? చాలాసార్లు సరిపోతుంది. కానీ 2023లో ట్యాలీ ప్రైమ్ 3.0 వచ్చింది. ఒకే కంపెనీ కింద ఒకటికి మించి జీఎస్టీ నంబర్లు పెట్టుకునే వీలు దాంతోనే మొదలైంది. అందుకోసం లోపల డేటాను దాచుకునే తీరే మార్చారు. పాత కంపెనీని 3.0లో తెరిస్తే డేటాను మైగ్రేట్ చేయమంటుంది. ఒకసారి మైగ్రేట్ అయ్యాక ఆ డేటా 2.1లో తెరుచుకోదు. బ్యాకప్ తీయకుండా ఈ పని చేసినవాళ్ల పరిస్థితి ఊహించుకోండి. కొత్తదాంట్లో ఉంటే ఎడ్యుకేషనల్ మోడ్, పాతదానికి వస్తే డేటా రాదు. రెన్యువల్ కట్టడం తప్ప గత్యంతరం లేదు. అప్‌డేట్ చేసేముందు ఆల్ట్ వై నొక్కి బ్యాకప్ తీసి, పెన్‌డ్రైవ్‌లో వేసుకోండి అని అకౌంటెంట్లు పదేపదే పోరేది ఇందుకే.

[తెర మీద: 2.1 → 3.0. మొదటి అంకె చుట్టూ ఎర్ర గుండ్రం.]

నిజానికి ఆ నంబరే ఒక హెచ్చరిక. ప్రోగ్రామర్లలో ఒక ఒప్పందం ఉంది, పేరు సెమాంటిక్ వెర్షనింగ్. ప్రోగ్రామర్లు కోడ్ దాచుకునే సైటు గిట్‌హబ్ వ్యవస్థాపకుల్లో ఒకరైన టామ్ ప్రెస్టన్ వెర్నర్ దాన్ని నియమాలుగా రాసిపెట్టారు. చుక్కలతో మూడు అంకెలు. చివరిది పెరిగితే తప్పులు దిద్దారని, మధ్యది పెరిగితే పాతవి చెడకుండా కొత్తవి చేర్చారని, మొదటిది పెరిగితే పాతవాటితో పొసగకపోవచ్చు, చూసుకుని దిగండని.

ఇంకో సంగతి, ఈ చుక్క దశాంశం కాదు. 2.10 పెద్దదా, 2.9 పెద్దదా అంటే లెక్కల మాస్టారు ఒకటి చెబుతారు, సాఫ్ట్‌వేర్ ఇంకోటి చెబుతుంది. మన డోర్ నంబర్లు గుర్తు తెచ్చుకోండి. 2-9 తర్వాత 2-10 వస్తుంది కదా, ఇదీ అంతే.

అయితే ఇది ఒప్పందమే, చట్టం కాదు. అమ్మకాల విభాగం చెయ్యి పడితే అంకెకి అర్థం పోతుంది. ట్యాలీ చరిత్రే చూడండి. 2005లో వ్యాట్ వచ్చిన రోజుల్లో 7.2. మరుసటి ఏడాది 9. 2009లో ట్యాలీ ఈఆర్‌పీ 9. ఆ 9 పదేళ్లకు పైగా పేరులో అలాగే ఉండిపోయింది. లోపల రిలీజులు వేరే లెక్కలో 6.6 దాకా నడిచాయి. 2020లో ప్రైమ్ పేరుతో మళ్లీ 1 నుంచి మొదలు. తొమ్మిది కన్నా ఒకటి కొత్తది!

మైక్రోసాఫ్ట్ కూడా తక్కువ తినలేదు. విండోస్ 11 ఉంటే కమాండ్ ప్రాంప్ట్ తెరిచి వీ, ఈ, ఆర్ అని మూడక్షరాలు కొట్టండి. [తెర మీద: నల్ల తెర మీద జవాబు: 10.0.] అవును, పదకొండు లోపల తనను తాను 10.0 అనే చెప్పుకుంటుంది. విండోస్ 7 అయితే 6.1 అనేది. అందుకే ఎవరైనా సపోర్ట్ వాళ్లు వెర్షన్ ఎంతండీ అంటే పెట్టె మీది పేరు కాదు, ఆ 10.0 తర్వాత వచ్చే పొడుగు బిల్డ్ నంబరు చదవండి.

అమ్మకంతో పనిలేనివాళ్లకు మాత్రం ఇందులో సరదా ఉంది. కంప్యూటర్ శాస్త్రవేత్త డోనాల్డ్ క్నూత్ రాసిన టెక్ అనే, పుస్తకాల పేజీలు కూర్చే టైప్‌సెట్టింగ్ ప్రోగ్రామ్ ఉచితం. దిద్దిన ప్రతిసారీ దాని వెర్షన్ లెక్కల్లోని ‘పై’ (π) విలువకి ఒక అంకె దగ్గరవుతుంది. 2021లో 3.141592653 దగ్గరికి వచ్చింది. ఆయన తదనంతరం ఇక ఎవరూ ముట్టుకోకుండా వెర్షన్‌ని ‘పై’ అనే ఉంచేయమన్నారు. రెన్యువల్ ఫోన్లు ఉండని సాఫ్ట్‌వేర్ అన్నమాట.

మళ్లీ డబ్బుల దగ్గరికి వద్దాం. తేదీని ముందుకు జరపడానికి ఎంత తీసుకుంటారు, ఆపేస్తే ఏం చేస్తారు అన్నదాంట్లోనే కంపెనీల గుణం బయటపడుతుంది.

పెద్ద కంపెనీలకు డేటాబేస్ సాఫ్ట్‌వేర్ అమ్మే ఒరాకిల్ ఏడాది సపోర్ట్ ఫీజు మీరు లైసెన్స్‌కి కట్టిన సొమ్ములో 22 శాతం. ఐదేళ్లకు 110 శాతం, అంటే ఇంకోసారి కొన్నదానికన్నా ఎక్కువే. మధ్యలో ఆపేసి మళ్లీ చేరతానంటే చివరిసారి కట్టిన ఏడాది ఫీజుకి 150 శాతం లెక్కన, ఎన్నాళ్లు ఆపితే అన్నాళ్లకూ వసూలు చేస్తారు. ఎగ్గొట్టి మిగుల్చుకుందామనే ఆలోచనే రానివ్వరు.

జెట్‌బ్రెయిన్స్ కథ వేరు. హైదరాబాద్‌లో కోడ్ రాసేవాళ్లకు ఆ కంపెనీ టూల్స్ ఇంటెలిజే, పైచార్మ్ పేర్లు కొత్తకాదు. 2015లో ఆ కంపెనీ ఇకపై అంతా చందా పద్ధతే, కట్టడం ఆపితే టూల్ పనిచేయదని ప్రకటించింది. వాడకందార్లు భగ్గుమన్నారు. కొద్ది రోజుల్లోనే కంపెనీ వెనక్కి తగ్గి ‘ఫాల్‌బ్యాక్ లైసెన్స్’ తెచ్చింది. వరసగా పన్నెండు నెలలు కడితే ఒక వెర్షన్ శాశ్వతంగా మీదే. కానీ ఏ వెర్షన్? ఆపిన రోజున వాడుతున్నది కాదు, ఆ పన్నెండు నెలల మొదట్లో ఉన్నది. ట్యాలీ గడువు చివరి తేదీని చూస్తుంది, వీళ్లు మొదటి తేదీని చూస్తారు. కాగితం మీద చిన్న తేడా. ఆపేసిన రోజున మాత్రం ఏడాది వెనక్కి పోతారు.

ఇక విండోస్ 10. దాని సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. ఆ తర్వాత సెక్యూరిటీ అప్‌డేట్లు కావాలనుకునే సంస్థలకు మొదటి ఏడాది ఒక్కో కంప్యూటర్‌కి 61 డాలర్ల ధర పెట్టారు. ఏటా రెట్టింపు, మూడేళ్లే. రెండో ఏడాది చేరినా మొదటి ఏడాదిది కూడా కట్టాల్సిందే.

ఇది నాకు మింగుడు పడదు. కొత్త సౌకర్యాలకి డబ్బు తీసుకోవడం వ్యాపారం. కంపెనీ వదిలేసిన భద్రతా కంతను పూడ్చడానికి కూడా తీసుకోవడం వేరే సంగతి, ఎందుకంటే కట్టనివాడి కంప్యూటర్ నుంచి కట్టినవాడికీ ముప్పే. 2017 మే నెలలో ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వైరస్ వానాక్రై వచ్చినప్పుడు అదే చూశాం. ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని పోలీసు కంప్యూటర్లకు కూడా ఆ దెబ్బ తగిలింది. విండోస్ ఎక్స్‌పీకి దిద్దుబాటు అప్పటికే ప్రత్యేక సపోర్ట్‌కి డబ్బు కట్టేవాళ్ల కోసం ఉంది. ప్రపంచమంతా అల్లకల్లోలమయ్యాక మైక్రోసాఫ్ట్ దాన్ని అందరికీ ఉచితంగా ఇచ్చింది. ఇవ్వగలరని తేలింది కదా.

[తెర మీద: షాపు బిల్లు కౌంటర్, పక్కన జీఎస్టీ రేట్ల పట్టిక.]

మరి మీ షాపుకి టీఎస్‌ఎస్ కట్టాలా, వద్దా? ఏం మారిందో చూసి తేల్చుకోండి. 2025 సెప్టెంబర్ 22న జీఎస్టీ రేట్లు మారాయి. దానికి కొత్త రిలీజు అక్కర్లేదు, స్టాక్ ఐటమ్‌లో కొత్త రేటు, అమల్లోకి వచ్చే తేదీ వేసుకుంటే చాలు. ఈ-ఇన్‌వాయిస్ అలా కాదు. అది తప్పనిసరి అయ్యే హద్దు 2020 అక్టోబర్‌లో 500 కోట్ల టర్నోవర్‌తో మొదలై 2023 ఆగస్టు 1కి 5 కోట్లకు దిగింది. రోజుకి యాభై బిల్లులు కొట్టే డీలర్ టీఎస్‌ఎస్ లేక ఒక్కో ఫైలు పోర్టల్‌లో ఎక్కిస్తూ కూర్చుంటే కుర్రాడి జీతమే రెన్యువల్‌ని మించిపోతుంది. ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ అయితే 2023 ఏప్రిల్ 1 నుంచి ఎంట్రీల్లో చేసిన ప్రతి మార్పు నమోదయ్యే సాఫ్ట్‌వేరే వాడాలి. పాత ఈఆర్‌పీ 9తో అది కుదరదు. ఈ రెండింట్లో ఏదీ వర్తించని చిన్న ప్రొప్రయిటర్ ఒక ఏడాది వదిలేసినా కొంప మునగదని నా అభిప్రాయం. పార్ట్‌నర్లు కోప్పడతారేమో, పడనివ్వండి.

ఆఖరిగా, రైస్ మిల్లులకీ మెడికల్ షాపులకీ చిట్టీల కంపెనీలకీ ఊళ్లో కుర్రాళ్లే రాసిచ్చే సాఫ్ట్‌వేర్ ఉంటుంది. దానికి వెర్షన్ నంబరూ ఉండదు, విడుదల తేదీ ఉండదు, ఏఎంసీ, అంటే ఏటా కట్టే మెయింటెనెన్స్ కాంట్రాక్ట్, మాత్రం ఉంటుంది. ఈసారి చెక్కు రాసేముందు మూడు విషయాలు బిల్లు వెనకాలైనా రాయించుకోండి. ఏఎంసీ ఆపితే ఇప్పుడున్నది నడుస్తుందా, కంప్యూటర్ మారితే లైసెన్స్ కీ మళ్లీ ఇస్తారా, డేటా ఎక్సెల్‌లోకి తీసిస్తారా. మూడోదానికి నీళ్లు నమిలితే చెక్కు పుస్తకం మూసేసి, ముందు డేటా చేతికి తెచ్చుకోండి.