టీకా వేసుకున్నారు సరే, టైటర్ (టీకా వల్ల రక్తంలో ఎంత రక్షణ వచ్చిందో చెప్పే పరీక్ష) చూపించుకున్నారా?

దేవరకొండ, మర్రిగూడ, మిర్యాలగూడల నుంచి నల్లగొండకు వచ్చిన డయాలసిస్ రోగులకు, వారి కుటుంబాలకు నమస్కారం.

ఈ రోజు జూలై 28, ప్రపంచ హెపటైటిస్ దినం. కాలేయాన్ని దెబ్బతీసే హెపటైటిస్ బి వైరస్‌ను కనిపెట్టి 1976లో నోబెల్ బహుమతి అందుకున్న బరూచ్ బ్లంబర్గ్ పుట్టినరోజు. అంతకు కొన్నేళ్ల ముందే, 1969-70లో ఎడిన్‌బరోలోని ఒక డయాలసిస్ విభాగంలో ఈ జబ్బు పాకి రోగులే కాదు, వైద్య సిబ్బందీ ప్రాణాలు కోల్పోయారు.

ఎందుకంత ప్రమాదం? ఎండిన రక్తపు మరకలో ఈ వైరస్ కనీసం 7 రోజులు బతుకుతుంది. ఆ మరక కంటికి కనిపించాలని కూడా లేదు. మిషన్ బటన్ మీద, బీపీ పట్టీ మీద ఉండవచ్చు. ఒక మంచం దగ్గర తొడుక్కున్న గ్లవ్స్‌తోనే పక్క మంచానికి వెళ్లి, రక్తం గడ్డకట్టకుండా వాడే హెపారిన్ సీసా ముట్టుకుంటే చాలు. పాజిటివ్ వచ్చినవారికి వేరే గది, వేరే మిషన్ కేటాయించేది ఇందుకే. మమ్మల్ని దూరం పెట్టారని కొందరు కన్నీళ్లు పెట్టుకుంటారు. దయచేసి అలా అనుకోకండి. ఇంట్లో మీ కంచం, గ్లాసు వేరు చేయనక్కర్లేదు. బ్లేడు, టూత్‌బ్రష్ మాత్రం ఎవరివి వారికే ఉండాలి. భార్యాభర్తలు, పిల్లలు పరీక్ష చేయించుకుని టీకా వేయించుకోవాలి.

కళ్లు పచ్చబడలేదు కదా అని ధీమాగా ఉండకండి. ఆరోగ్యంగా ఉన్న పెద్దవారిలో నూటికి 95 మంది ఈ వైరస్‌ను తమంతట తామే వదిలించుకుంటారు. కిడ్నీలు చెడినవారిలో రోగనిరోధక శక్తి తగ్గుతుంది కాబట్టి, కామెర్లు కనిపించకుండానే అది లోపల తిష్ఠ వేస్తుంది. కామెర్లనగానే పసరు మందుకు వెళ్లే అలవాటు మన పల్లెల్లో ఇంకా ఉంది. చేతులెత్తి మొక్కుతున్నాను, దాని జోలికి పోకండి.

అదే కారణంగా టీకా కూడా మీకు తేలిగ్గా పట్టదు. మామూలు పెద్దలకు 20 మైక్రోగ్రాములైతే మీకు 40. సాధారణంగా 0, 1, 2, 6 నెలల్లో నాలుగు సూదులు, భుజం కండకు వేస్తారు. చాలామంది ఫైళ్లలో ఈ నాలుగు తేదీలూ ఉంటాయి, టైటర్ గడి మాత్రం ఖాళీ! నాకు బాధ కలిగించేది అదే. చివరి సూది వేసిన ఒకటి రెండు నెలలకు ఆ పరీక్ష జరగాలి. టైటర్ 10 యూనిట్ల కంటే తక్కువ వస్తే మళ్లీ మొదటి నుంచి వేయాలి. దాటినా ఏటా చూడాలి, పడిపోతే బూస్టర్ వేయాలి. అసలు కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ పెరగడం మొదలైనప్పుడే, డయాలసిస్ దాకా రాకముందే వేసుకుంటే టీకా బాగా పనిచేస్తుంది. 1997లో హైదరాబాద్‌లోని శాంతా బయోటెక్నిక్స్ ఈ టీకాను సామాన్యుడి అందుబాటులోకి తెచ్చింది. ఇంత దగ్గర తయారైన టీకా మనవాళ్లకు ఆలస్యంగా అందడం నేను ఒప్పుకోలేను.

కిడ్నీ మార్పిడికి సిద్ధమవుతున్నవారికి ఒక మాట. కొత్త కిడ్నీని శరీరం తిరస్కరించకుండా ఇచ్చే మందులు రోగనిరోధక శక్తిని అణచివేస్తాయి. అప్పుడు అణగి ఉన్న వైరస్ విజృంభిస్తుంది. అందుకే పాజిటివ్ ఉన్నవారికి వైరస్‌ను అణచి ఉంచే ఎంటెకావిర్ లేదా టెనోఫోవిర్ మాత్రలు ఇస్తారు. కిడ్నీ బాగా పనిచేస్తోందని వాటిని సొంతంగా మానేస్తే కాలేయం చెడి ప్రాణం మీదికి వస్తుంది. ఇంట్లో వారం మాత్రలు మిగిలి ఉండగానే తర్వాతి నెలవి తెచ్చిపెట్టుకోండి.

ఇప్పుడు మీ ఫైళ్లు తీయండి. టైటర్ రాయని వారు బయట బల్ల దగ్గరున్న సిస్టర్‌కు చూపించండి.