వెన్ను ఎండిందని మొక్కను పీకకండి

అందరికీ నమస్కారం. ఇందాక లోపలికి వస్తుంటే ఒకావిడ జడలో కనకాంబరాల మాల కనిపించింది. ఇంట్లో పూసినవా అండీ అని అడిగాను. ‘‘కొన్నవేనండీ, మా కుండీలోది ఒక విడత పూసి ఆగిపోయింది, పీకేశాం’’ అన్నారు. ఈ మాట నేను చాలా ఇళ్ళలో విన్నాను. విన్న ప్రతిసారీ ప్రాణం ఉసూరుమంటుంది.

కనకాంబరం బంతిలాగా ఒక సీజన్‌తో అయిపోయే మొక్క కాదు. చూసుకుంటే రెండు మూడేళ్ళు పూస్తూనే ఉంటుంది. ఆగిపోయేది మొక్క కాదు, వెన్ను, అంటే పూలు పూసే కంకి.

ఈ వెన్నును ఒకసారి దగ్గరగా చూడండి. నాలుగు పలకలుగా, పచ్చటి పొలుసులు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు ఉంటుంది. పొలుసు చాటున మొగ్గ. పూత అడుగు నుంచి మొదలై, రోజుకు కాసిని చొప్పున కొసకు పోతుంది. అందుకే కోసేటప్పుడు వెన్ను తుంచకూడదు. పువ్వుకు సన్నటి గొట్టంలాంటి కాడ ఉంటుంది, దాన్ని పట్టుకుని మెల్లగా లాగితే వచ్చేస్తుంది. పైమొగ్గలకు ఏమీ కాదు. కొసదాకా పూశాక మాత్రం ఆ వెన్నును కింది ఆకుల కణుపుకు కాస్త పైన కత్తిరించేయండి. పక్క కొమ్మలు వచ్చి, వాటికి మళ్ళీ వెన్నులు వేస్తుంది.

ఒకటి రెండు వెన్నులు గింజకు వదలండి. ఎండిన కాయకు తడి తగిలితే చాలు, టప్పున పేలి గింజలు ఎగిరిపడతాయి. మా అమ్మ ఎండు వెన్నుల్ని గిన్నెలో వేసి, నాలుగు చుక్కలు చిలకరించి మూత పెట్టేది. లోపల టపటపమంటుంటే మేము గిన్నె చుట్టూ కూర్చునేవాళ్ళం. ఢిల్లీ కనకాంబరం అని అమ్ముతారు చూశారా, దానికి గింజ కట్టదు. కొమ్మ ముక్కలు నాటుకోవడమే.

ఎండ కావాలి, కాస్త నీడ పడినా ఫరవాలేదు. నీళ్ళు నిలిస్తే మాత్రం బతకదు. ఎర్రమట్టి, మాగిన పశువుల ఎరువు, గుప్పెడు వేపపిండి కలుపుకోండి.

నిజంగా పీకాల్సిన సందర్భం ఒకటుంది. ఒక ఏడు నా మొక్కలు నీళ్ళు పోస్తున్నా మధ్యాహ్నానికి వాడిపోయేవి, ఆకులు పసుపెక్కాయి. ఇంకా నీళ్ళు పోశాను. చివరికి ఒకటి పీకి చూస్తే వేళ్ళనిండా బుడిపెలు. నులిపురుగులు! మట్టిలో ఉండి వేళ్ళను పట్టే, కంటికి ఆనని పురుగులు. అవి మట్టిలోనే ఉండిపోతాయని తెలియక అదే మట్టిలో కొత్త నారు పెట్టి దాన్నీ పోగొట్టుకున్నాను. చాలా బాధేసింది. అలాంటి మొక్కను వేళ్ళతో సహా తీసేయండి, కంపోస్టులో మాత్రం వేయకండి. మట్టిని తడిపి, ఎండాకాలంలో పలచగా పరిచి, పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ పట్టా కప్పి కొన్ని వారాలు ఎండలో ఉంచండి. ఆ కుండీలో ఒక పంట బంతి వేయండి. బంతి వేళ్ళు ఈ పురుగుల్ని తగ్గిస్తాయి. కనకాంబరం ఆ తర్వాతే.

వేళ్ళు పట్టిన కొమ్మలు పన్నెండు తెచ్చాను, బల్ల మీద ఉన్నాయి. మొదటిది ఇందాకటి ఆవిడకి.