స్లైడ్ మారింది, పూచీ ఎవరిది?

మిత్రులందరికీ నమస్కారం. మన సమావేశాల్లో మామూలుగా కంప్రెసర్లూ టర్బైన్లూ తప్ప వేరే మాట వినిపించదు. ఈసారి పిస్టల్ స్లైడ్ గురించి, అంటే పిస్టల్ పైన ముందుకూ వెనక్కూ జారే లోహపు భాగం గురించి, మాట్లాడమని నన్ను అడిగారు. టెక్సస్‌లో ఉంటున్నాం కాబట్టి ఇందులో వింతేమీ లేదు. మనవాళ్లలోనూ వారాంతంలో షూటింగ్ రేంజికి వెళ్లేవాళ్లున్నారు. కొనుక్కున్న పిస్టల్ శుభ్రంగా పనిచేస్తుండగానే దాని స్లైడ్ తీసి బయటి కంపెనీ స్లైడ్ వేయించుకుని, ఆ తర్వాత తూటాలు నింపే ప్రతి మ్యాగజైనుకూ రెండుసార్లు జామ్ అవుతోందని తల పట్టుకున్నవాళ్లూ ఉన్నారు. నేను తుపాకుల నిపుణుణ్ని కాను. నా ఉద్యోగ జీవితమంతా మెషిన్ షాపుల్లో నాణ్యతా తనిఖీలోనే గడిచింది. అందువల్ల ఈ విషయాన్ని మైక్రోమీటర్ పట్టుకున్నవాడి కంటితోనే చూస్తాను.

ముందుగా, ఇంత పెద్ద విడిభాగాల బజారు ఎలా పుట్టిందో రెండు ముక్కల్లో చెబుతాను. 1968లో వచ్చిన తుపాకుల నియంత్రణ చట్టం ప్రకారం అమెరికాలో ఫ్రేమ్ లేదా రిసీవర్ అనే భాగాన్నే తుపాకీగా లెక్కిస్తారు. గ్లాక్ లాంటి పిస్టల్‌లో అది కింది భాగం. పైనుండే స్లైడూ, తూటా దూసుకెళ్లే గొట్టమైన బ్యారెలూ ఫెడరల్ చట్టం దృష్టిలో ఉత్త విడిభాగాలే. ఫ్రేము కొనాలంటే లైసెన్సున్న దుకాణానికి వెళ్లి తనిఖీ చేయించుకోవాలి. స్లైడయితే పోస్టులో ఇంటికే వస్తుంది. ఇక గ్లాక్ 17 సంగతి. ఆస్ట్రియా సైన్యం దాన్ని 1982లో స్వీకరించింది. ఆ తర్వాత దాని పేటెంట్ల గడువు తీరింది. మూడో తరం నమూనాను చూసి విడిభాగాలు చేసే కంపెనీలు అమెరికాలో పుట్టగొడుగుల్లా లేచాయి. స్లైడ్ ఒకరిది, బ్యారెల్ మరొకరిది, స్ప్రింగు ఇంకొకరిది, గురి చూసుకోవడానికి పైన బిగించే రెడ్ డాట్ సైటు వేరే ఎవరిదో.

స్లైడ్ చేసే పని అందరికీ తెలిసిందే అయినా ఒకసారి గుర్తుచేస్తాను. తూటా పేలగానే స్లైడూ బ్యారెలూ ఒకదాన్నొకటి పట్టుకుని కొన్ని మిల్లీమీటర్లు వెనక్కి వస్తాయి. బ్యారెల్ కిందికి వాలి ఆగిపోతుంది, స్లైడ్ ఒంటరిగా వెనక్కి పోతుంది. పోతూ పోతూ ఎక్స్‌ట్రాక్టర్ అనే కొక్కెంతో ఖాళీ తొడుగును లాగి బయటికి విసిరేస్తుంది. స్ప్రింగు తోస్తే ముందుకొస్తూ మ్యాగజైన్ నుంచి కొత్త తూటాను తోసుకొచ్చి, బ్యారెల్‌లో కూర్చోబెట్టి, మళ్లీ తాళం వేసుకుంటుంది. జాన్ బ్రౌనింగ్ రూపొందించిన 1911 పిస్టల్ నాటి నుంచీ ఈ వరస పెద్దగా మారలేదు. కన్ను మూసి తెరిచేలోగా ఇంత పని జరగాలి. ఇందులో ఏ మెట్టు దగ్గర తడబడినా మనం జామ్ అనే ఒక్క మాటతో సరిపెట్టేస్తాం.

ఇప్పుడు నాకు ఇష్టమైన భాగానికి వస్తున్నాను, కాస్త ఓపిక పట్టండి. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యానికి ఇదే 1911 పిస్టల్‌ను చాలా కంపెనీలు చేసి ఇచ్చాయి. అందరికంటే ఎక్కువగా, ఎనిమిది లక్షలకు పైగా, చేసింది రెమింగ్టన్ ర్యాండ్ అనే టైపురైటర్ల కంపెనీ. రైల్వే సిగ్నళ్ల కంపెనీ యూనియన్ స్విచ్ అండ్ సిగ్నల్ కూడా చేసింది. కుట్టుమిషన్ల సింగర్ ఒక ఐదు వందలు చేసింది. ఒకరి స్లైడ్ మరొకరి ఫ్రేము మీద ఎక్కి పనిచేయాలన్నది సైన్యం షరతు. టైపురైటర్లు చేసేవాళ్లకు అది ఎలా సాధ్యమైంది? డ్రాయింగులు సైన్యానివి. ఏ కొలతకు ఎంత ఎక్కువతక్కువలు చెల్లుతాయో ఆ డ్రాయింగుల మీదే ఉంది. దాన్ని నిర్ధారించే గేజీలు తనిఖీదారుల చేతుల్లో ఉన్నాయి. హైదరాబాద్ బాలానగర్‌లో టూల్ డిజైన్ చదువుకున్నవాళ్లు ఇక్కడ ఎవరైనా ఉంటే కొలత హద్దులో ఉందో లేదో తేల్చే గో, నో-గో గేజీల పేరు చెప్పగానే మొహాలు వెలుగుతాయి. నాకు తెలుసు, నేనూ ఆ బాపతే.

ఈనాటి స్లైడ్ల కంపెనీకి ఆ డ్రాయింగులు లేవు. అసలు తయారీదారు తన డ్రాయింగులను బయటివాళ్ల చేతిలో పెట్టడు కదా. అందుకని వీళ్లు బజారులో నాలుగైదు అసలు స్లైడ్లు కొని కొలుస్తారు. నమూనాను కొలిస్తే కొలత తెలుస్తుంది, టాలరెన్స్, అంటే చెల్లే ఎక్కువతక్కువల హద్దు, తెలియదు. చిక్కంతా ఇక్కడే ఉంది. ఒక ఊహా లెక్క చెబుతాను, అంకెలు నావే. ఒక రంధ్రం 5.00 నుంచి 5.06 మిల్లీమీటర్ల దాకా ఉండవచ్చని అసలు డ్రాయింగులో ఉందనుకుందాం. మన చేతికి వచ్చిన నమూనాలో అది 5.05 ఉంది. అదే నడిమధ్య కొలత అనుకుని అటూ ఇటూ 0.03 వదిలాం. ఇక మన మెషిను 5.02 నుంచి 5.08 దాకా చేస్తుంది. మన తనిఖీలో అన్నీ పాసవుతాయి, అసలు డ్రాయింగు ప్రకారం చూస్తే మాత్రం కొన్ని తప్పే. స్లైడ్‌లో ఇలాంటి కీలకమైన కొలతలు ఒకటీ రెండూ కావు. తూటా అడుగును ఆనించే బ్రీచ్ ముఖం, ఎక్స్‌ట్రాక్టర్ కూర్చునే గాడి లోతూ వాలూ, తూటా అడుగును పొడిచి పేల్చే స్ట్రైకర్ ముక్కు బయటికి వచ్చే కన్నం, బ్యారెల్ తాళం పడే అంచు, ఇలా చాలా ఉన్నాయి. బ్యారెల్ చేసినవాడూ అదే పద్ధతిలో వేరే నమూనాలను కొలిచి చేసి ఉంటాడు. స్లైడ్ తన లెక్కలో సరైనదే, బ్యారెల్ తన లెక్కలో సరైనదే. రెండూ కలిశాక తాళం పూర్తిగా పడదు. కొనుక్కున్నవాడు స్లైడ్ కంపెనీకి ఫోను చేస్తే బ్యారెల్ మార్చమంటారు, బ్యారెల్ కంపెనీకి చేస్తే స్లైడ్ చూసుకోమంటారు. పదిమందిలో పడ్డ పాము చావదని ఊరికే అనలేదు.

సరే, కంటికి కనిపించే ఉదాహరణ ఒకటి చెబుతాను. నాకు తెలిసిన ఒకరు కొత్త స్లైడ్ మీద రెడ్ డాట్ బిగించుకున్నారు. బిగించక ముందు బాగా పనిచేసింది. బిగించాక ఖాళీ తొడుగులు బయటికి రాకుండా లోపలే ఉండిపోవడం మొదలైంది. ఎక్స్‌ట్రాక్టర్ మార్చారు, దాని స్ప్రింగు మార్చారు, తూటాల రకం కూడా మార్చారు. ఫలితం లేదు. స్లైడ్ విప్పి లోపల టార్చి వేసి చూస్తే సంగతి బయటపడింది. గ్లాక్ పద్ధతి స్లైడ్‌లో కుడివైపు, పొడవునా, ఒక సన్నని సొరంగం ఉంటుంది. అందులో స్ప్రింగుతో కూడిన ఒక పుల్ల ఎక్స్‌ట్రాక్టర్‌ను వెనకనుంచి నొక్కి ఉంచుతుంది. సైటు బిగించే కుడి స్క్రూ రంధ్రం సరిగ్గా ఆ సొరంగం నెత్తిన పడుతుంది. స్క్రూ ఒక చుట్టు పొడవైతే చాలు, దాని కొన సొరంగంలోకి దిగి పుల్లను అదిమి పట్టేస్తుంది. ఇక కొక్కెం ఆడదు. ఆ పుల్ల మీద స్క్రూ కొన చేసిన చిన్న గుండ్రటి నొక్కు మెరుస్తూ కనిపించింది. తగిన పొడవున్న స్క్రూ వేయగానే రోగం కుదిరింది. స్క్రూలు వదులు కాకుండా పూసే జిగురు కూడా అదే దారిలో కారి, పుల్ల చుట్టూ గడ్డకట్టే ప్రమాదం ఉంది. పొట్టి స్క్రూ వేద్దామంటే స్లైడ్ పైభాగం పలచన, స్క్రూ పట్టుకునే మరచుట్లు నాలుగుంటే ఎక్కువ, సైటు ఊడిపోతుంది. ఆ స్క్రూ సైటు పెట్టెలోదా, స్లైడ్ పెట్టెలోదా అని అడిగితే ఆయనకే గుర్తులేదు.

కిటికీల మాటకొస్తే, నా అభిప్రాయం కొందరికి నచ్చదు. స్లైడ్‌కు అటూ ఇటూ తొర్రలు కోసి, లోపలి బంగారు రంగు బ్యారెల్ కనిపించేలా చేస్తున్నారు. చూడ్డానికి బాగుంటుంది, కాదనను. లెక్క మాత్రం వేరే చెబుతుంది. 124 గ్రెయిన్ల 9 మిల్లీమీటర్ల గుండు బరువు సుమారు 8 గ్రాములు. సెకనుకు 350 మీటర్ల వేగంతో వెళ్లిందనుకుంటే దాని ద్రవ్యవేగం సెకనుకు 2.8 కిలోగ్రామ్-మీటర్లు. మందు వాయువుల వాటా పక్కన పెడదాం. స్లైడూ బ్యారెలూ కలిపి 450 గ్రాములు అనుకుంటే అవి సెకనుకు 6.2 మీటర్ల వేగంతో వెనక్కి బయలుదేరతాయి. 50 గ్రాములు కోసేస్తే అదే వేగం 7 మీటర్లు. గతిశక్తి 8.7 జౌళ్ల నుంచి 9.8కి పెరుగుతుంది, అంటే ఎనిమిదో వంతు అదనం. ఆ అదనపు దెబ్బ ఫ్రేము మీద పడుతుంది. స్లైడ్ తొందరగా వెళ్లి తొందరగా వస్తుంది. మ్యాగజైన్ స్ప్రింగు తర్వాతి తూటాను పైకి తెచ్చేలోపే స్లైడ్ దాని మీదుగా దాటిపోవచ్చు. దీనికి తోడు, చేతికి అదురు తగ్గుతుందని 13 పౌండ్ల బలహీనమైన స్ప్రింగు వేసేవాళ్లున్నారు. అప్పుడు తూటాను తోసుకొచ్చి తాళం పూర్తిగా వేసే సత్తువే ఉండదు. రేంజిలో ఇసుకా మసీ రెండు మూడు నెలలు కిటికీల్లోంచి లోపలికి పోయాక ఏమవుతుందో మీరే ఊహించుకోండి.

పూతల సంగతి త్వరగా ముగిస్తాను. సెరకోట్ లాంటి పూత ఒక్కో ఉపరితలం మీద సుమారు 25 మైక్రాన్ల మందం ఉంటుంది. గాడికి రెండు గోడలు కాబట్టి వెడల్పులో 50 మైక్రాన్లు పోయినట్టే. స్ట్రైకర్ నడిచే సొరంగంలో పూత పడితే, లేదా అక్కడ ఉండాల్సిన ప్లాస్టిక్ గొట్టం సరిగా కూర్చోకపోతే, తూటా అడుగున దెబ్బ తేలిపోయి పేలదు. ఆ సొరంగంలో నూనె వేయకూడదు, పొడిగా ఉంచాలి. ఇది తెలియక ధారగా పోసేవాళ్లను చూశాను.

కొన్ని కంపెనీలు 200 నుంచి 500 తూటాలు కాల్చాక స్లైడ్ దారికి వస్తుందని కాగితం జతచేస్తాయి. బిగువుగా చేసిన పోటీ పిస్టళ్ల విషయంలో ఇందులో నిజం లేకపోలేదు. మామూలు స్లైడ్‌కు ఈ మాట చెబితే నాకు చిరాకు. రెండు లోహపు ముఖాలను ఒరిపిడితో సరిచేయడమనేది కర్మాగారంలో జరగాల్సిన పని. దాన్ని కొనుక్కున్నవాడి ఖర్చుతో, వాడి తూటాలతో చేయిస్తున్నారు. పైగా 500 తూటాలు కాల్చాక కూడా కుదరకపోతే వాపసు గడువు దాటిపోయి ఉంటుంది.

అసలు కంపెనీల స్లైడ్లు మాత్రం విరగలేదా అని మీరు అడగవచ్చు. విరిగాయి. అమెరికా సైన్యం 1985లో బెరెటా కంపెనీ ఎం9 పిస్టల్‌ను ఎంచుకుంది. కొన్నేళ్లకే కొన్ని స్లైడ్లు మధ్యలో విరిగి, వెనక సగం ఎగిరొచ్చి కాల్చేవాళ్ల మొహాలకు తగిలింది. లోహానికి తగినంత దృఢత్వం లేదని సైన్యం, తూటాల పీడనం ఎక్కువైందని కంపెనీ వాదించుకున్నాయి. ఏదైతేనేం, సుత్తిలా కొట్టే హ్యామర్‌ను పట్టి ఉంచే పిన్ను తల పెద్దది చేసి స్లైడ్‌లో దానికి గాడి కోశారు. స్లైడ్ విరిగినా వెనక ముక్క ఫ్రేము దాటి రాకుండా అది పట్టుకుంటుంది. గ్లాక్ కూడా నాలుగో తరం పిస్టళ్లలో స్లైడ్‌ను ముందుకు తోసే రీకాయిల్ స్ప్రింగులను 2011లో ఉచితంగా మార్చి ఇచ్చింది. ఈ రెండు చోట్లా తప్పు జరిగింది, దాన్ని వెతకాల్సినవాడు ఎవరో కూడా స్పష్టంగా తెలుసు. ఐదుగురి భాగాలు కలిపి ఇంట్లో బిగించిన పిస్టల్‌కు అలా వెతికే నాథుడు ఎవరు?

ఇప్పటికే స్లైడ్ కొన్నవాళ్లకు నా సలహా ఇది. అన్నీ ఒకేసారి మార్చకండి. అసలు స్లైడ్ పెట్టి కాల్చి చూడండి. అది బాగుంటే కొత్త స్లైడ్‌లో అసలు బ్యారెలూ అసలు స్ప్రింగూ పెట్టండి, ఆ తర్వాత ఒక్కొక్కటే మార్చుతూ రండి. సైటు చివర బిగించండి. జామ్ అయిన ప్రతిసారీ ఏం జరిగిందో రాసుకోండి. కొత్త తూటా ఎక్కలేదా, ఖాళీ తొడుగు రాలేదా, తాళం పడలేదా అన్నది తెలియకపోతే ఏ మెకానిక్కూ ఏమీ చేయలేడు. గ్లాక్ మూడో తరం స్ప్రింగూ నాలుగో తరం స్ప్రింగూ వేరువేరు రకాలు, అవి కలవవు. కింద పడినా పేలకుండా ఆపే స్ట్రైకర్ అడ్డు సరిగా ఆడుతోందో లేదో తెలిసినవాళ్ల చేత చూపించాకే తూటాలు నింపండి. ఇంటి రక్షణ కోసం పెట్టుకున్న పిస్టల్‌కైతే అసలు స్లైడే ఉంచండి. సరదాలన్నీ రేంజి పిస్టల్ మీద తీర్చుకోండి.

మరో మాట. హైదరాబాద్‌లో లైసెన్సున్న బావగారికి ఒక స్లైడ్ పట్టుకెళ్లవచ్చా అని ఇందాక ఒకరు చెవిలో అడిగారు. వద్దు. ఇక్కడ పోస్టులో వచ్చేదే అయినా దేశం దాటించాలంటే అమెరికా ఎగుమతి నిబంధనలు అడ్డొస్తాయి. భారతదేశంలో 1959 ఆయుధాల చట్టం విడిభాగాలనూ ఆయుధాలుగానే చూస్తుంది, అనుమతి లేకుండా తేవడం నేరం. 9 మిల్లీమీటర్ల పిస్టల్ అక్కడ నిషిద్ధ బోరు, అంటే నిషేధించిన గొట్టం కొలత, కూడా. బావగారికి వేరే కానుక ఏదైనా చూడండి. ఇక మీ ప్రశ్నలు అడగండి.