డిస్క్ నిండిందని డీఎఫ్ అంటోంది, డీయూకేమో కనిపించడం లేదు

[స్క్రీన్: నల్లటి టెర్మినల్. ఒకే ఒక్క ఎర్రర్ లైన్: నో స్పేస్ లెఫ్ట్ ఆన్ డివైస్]

లినక్స్ సర్వర్ల మీద పనిచేసేవాళ్ళకి ఈ లైన్ పాత చుట్టమే. డేటాబేస్ రాయడం ఆపేస్తుంది. వెబ్‌సైట్‌లో లాగిన్ అవ్వదు. ఒక్కోసారి ట్యాబ్ కొడితే ఫైల్ పేరు పూర్తి చేయడం కూడా మానేస్తుంది, ఎందుకంటే షెల్‌కి ఒక చిన్న తాత్కాలిక ఫైల్ రాసుకునే చోటు కూడా ఉండదు.

ఆ టెన్షన్‌లో చాలామంది ఏం చేస్తారంటే, కంటికి కనిపించిన పెద్ద లాగ్ ఫైల్‌ని ఆర్‌ఎం, అంటే డిలీట్ కమాండ్, కొట్టేస్తారు. దయచేసి ఆ పని మాత్రం అప్పుడే చేయకండి. కారణం ఇంకాసేపట్లో చెప్తాను. ముందు డీఎఫ్, డీయూ అనే రెండు కమాండ్లు చూద్దాం. రెండూ 1971 నాటి మొదటి యూనిక్స్‌లోనే ఉన్నాయి, ఇప్పటికీ పని వాటితోనే.

[స్క్రీన్: డీఎఫ్ మైనస్ హెచ్ అని టైప్ చేయాలి. అవుట్‌పుట్ నెమ్మదిగా పైకి జరగాలి]

డీఎఫ్ అంటే డిస్క్ ఫ్రీ. మైనస్ హెచ్ పెట్టకపోతే అంకెలన్నీ కిలోబైట్లలో వస్తాయి, లెక్క తేలదు. ఇది ఉబుంటు సర్వర్, 50 జీబీ డిస్క్. లిస్ట్‌లో స్లాష్ దేవ్ స్లాష్ లూప్ అంటూ కొన్ని లైన్లు 100 శాతం చూపిస్తున్నాయి కదా? వాటిని చూసి కంగారు పడొద్దు. అవి స్నాప్ ప్యాకేజీలు. చదవడానికే తప్ప రాయడానికి వీల్లేనివి, కాబట్టి ఎప్పుడూ నిండే ఉంటాయి. టీఎంపీఎఫ్‌ఎస్ అని ఉన్నవి డిస్క్ మీద కాదు, మెమరీలో ఉంటాయి. వాటినీ వదిలేయండి.

ఇంత లిస్ట్ వద్దనుకుంటే ఫోల్డర్ పేరు ఇవ్వండి చాలు.

[స్క్రీన్: డీఎఫ్ మైనస్ హెచ్ స్లాష్ వార్ స్లాష్ లాగ్]

ఆ ఫోల్డర్ ఏ ఫైల్‌సిస్టమ్‌లో (డిస్క్ మీద ఫైళ్ళని అమర్చిపెట్టే ఏర్పాటు) ఉందో ఆ ఒక్క లైనే వస్తుంది. మన సర్వర్‌లో సైజ్ 49 జీ, యూజ్డ్ 47 జీ, అవైల్ సున్నా. 49లోంచి 47 పోతే 2 మిగలాలి కదా, సున్నా ఎందుకొచ్చింది? ఈ ప్రశ్న గుర్తుపెట్టుకోండి.

ఇప్పుడు ఈ 47 జీబీ ఎక్కడుందో వెతకాలి. దానికి డీయూ, అంటే డిస్క్ యూసేజ్. ఏ ఫోల్డర్ ఎంత చోటు తిందో చెప్తుంది.

[స్క్రీన్: సుడో డీయూ మైనస్ ఎక్స్‌హెచ్ మైనస్ డీ 1 స్లాష్, తర్వాత పైప్, సార్ట్ మైనస్ హెచ్. ఒక్కో ముక్క కింద గీత పడాలి]

సుడో, అంటే అడ్మిన్ హక్కులు, లేకపోతే చాలా ఫోల్డర్లలోకి డీయూ వెళ్ళలేదు, పర్మిషన్ డినైడ్ అంటుంది. లెక్క తక్కువొస్తుంది. మైనస్ ఎక్స్ అంటే ఈ ఒక్క ఫైల్‌సిస్టమ్ దాటి పక్కదాంట్లోకి వెళ్ళొద్దని. ఇది మర్చిపోతే వేరే డిస్కులు, నెట్‌వర్క్ షేర్లు అన్నీ తిరిగొస్తుంది, ఈలోగా మీరు టీ తాగి రావచ్చు. మైనస్ డీ 1 అంటే ఒక్క మెట్టు లోతు వరకే చూపించమని. చివర్లో సార్ట్‌కి మైనస్ హెచ్ తప్పనిసరి. మామూలు మైనస్ ఎన్ పెడితే 900 కేబీని 2 జీబీ కంటే పెద్దదనుకుంటుంది.

డీయూ మైనస్ ఎస్‌హెచ్ స్టార్ అని కొట్టే అలవాటు చాలామందికి ఉంది. బాగానే ఉంటుంది కానీ, చుక్కతో మొదలయ్యే ఫోల్డర్లు ఆ స్టార్‌లోకి రావు. హోమ్‌లో డాట్ క్యాష్ ఎంత పెరిగినా కనిపించదు. అందుకే నేను మైనస్ డీ 1 వైపు.

ఒక్కో ఫోల్డర్‌లోకి దిగి మళ్ళీ మళ్ళీ డీయూ కొట్టడం విసుగనిపిస్తే ఎన్‌సీడీయూ ఇన్‌స్టాల్ చేసుకోండి. యారో కీలతో తిరగొచ్చు. అందులో డీ నొక్కితే డిలీట్, జాగ్రత్త. ప్రొడక్షన్ మెషిన్ మీదైతే మైనస్ ఆర్‌తో తెరవండి, డిలీట్ పనిచేయదు. కాకపోతే డిస్క్ పూర్తిగా నిండాక కొత్తగా ఇన్‌స్టాల్ చేయడానికి చోటుండదు. ముందే పెట్టుకోవాలి.

ఎక్కువసార్లు పట్టుబడేవి ఇవే: జర్నల్ (సిస్టమ్ లాగ్‌లు దాచే చోటు), డాకర్ (అప్లికేషన్లని కంటెయినర్లలో నడిపేది). జర్నల్ ఎంత తిందో జర్నల్‌సీటీఎల్ మైనస్ మైనస్ డిస్క్ యూసేజ్ చెప్తుంది. మామూలుగా ఫైల్‌సిస్టమ్‌లో పదో వంతు దాకా వాడుకుంటుంది, 4 జీబీ దాటదు. మైనస్ మైనస్ వాక్యూమ్ సైజ్ 500 ఎం అంటే పాతవి తీసేస్తుంది. డాకర్ ఫోల్డర్‌లో మాత్రం చేత్తో ఏదీ తీయకండి. డాకర్ సిస్టమ్ డీఎఫ్ అని దానికి సొంత కమాండ్ ఉంది, అది అడగండి. కంటెయినర్ లాగ్‌లకి డిఫాల్ట్‌గా హద్దు లేదన్న సంగతి కూడా గుర్తుండాలి.

[స్క్రీన్: రెండు అంకెలు పక్కపక్కన. డీఎఫ్ 47 జీ, డీయూ 21 జీ]

ఇక అసలు సంగతి. డీయూ మొత్తం తిరిగొచ్చి 21 జీబీ అంటోంది. డీఎఫ్ 47 అంటోంది. 26 జీబీ ఏమైంది?

రెండూ అబద్ధం చెప్పడం లేదు. అవి అడిగే చోట్లు వేరు. డీఎఫ్ ఫైల్‌సిస్టమ్ దగ్గరున్న స్టాకు పుస్తకం చూసి చెప్తుంది, అందుకే క్షణంలో వస్తుంది. డీయూ గోదాంలోకి వెళ్ళి బస్తాలు ఒక్కొక్కటీ లెక్కపెడుతుంది. పుస్తకంలో ఉండి గోదాంలో కనిపించని సరుకు ఏదో ఉందన్నమాట.

లినక్స్‌లో ఫైల్ పేరు వేరు, ఫైల్ వేరు. అసలు ఫైల్‌ని ఐనోడ్ అంటారు. ఆర్‌ఎం కొడితే పోయేది పేరే. ఏదైనా ప్రాసెస్ ఆ ఫైల్‌ని తెరిచి పెట్టుకుని ఉంటే, అది మూసేదాకా డేటా డిస్క్ మీదే ఉంటుంది. పేరు లేదు కాబట్టి డీయూకి దొరకదు. చోటు ఆక్రమించింది కాబట్టి డీఎఫ్ లెక్కలో ఉంటుంది. మొదట్లో ఆర్‌ఎం వద్దన్నది ఇందుకే. నడుస్తున్న అప్లికేషన్ లాగ్‌ని తీసేస్తే చోటు ఖాళీ కాదు, పైగా సర్వర్ ఎందుకు పడిపోయిందో చెప్పే ఆధారమూ పోతుంది.

[స్క్రీన్: సుడో ఎల్‌ఎస్‌ఓఎఫ్ ప్లస్ ఎల్1]

ఎల్‌ఎస్‌ఓఎఫ్ ప్లస్ ఎల్1. పేరు పోయి, ఇంకా తెరిచే ఉన్న ఫైళ్ళన్నీ చూపిస్తుంది. ఇదిగోండి, 26 జీబీ లాగ్, చివర డిలీటెడ్ అని ఉంది. పక్కనే ప్రాసెస్ నంబర్. ఆ సర్వీస్‌ని రీస్టార్ట్ చేస్తే చోటు వెంటనే వచ్చేస్తుంది. రీస్టార్ట్ కుదరదంటే స్లాష్ ప్రాక్, ప్రాసెస్ నంబర్, ఎఫ్‌డీ ఫోల్డర్‌లో ఆ ఫైల్ నంబర్ పట్టుకుని అక్కడే ఖాళీ చేయొచ్చు.

ఫైల్‌ని తీసేయకముందే గమనిస్తే ఇంకా సులువు. కావలసిన చివరి లైన్లు టెయిల్‌తో వేరే డిస్క్ మీదికి తీసుకుని, ట్రంకేట్ మైనస్ ఎస్ 0 కొట్టండి. పేరు ఉంటుంది, బరువు పోతుంది. ఒక్క తిరకాసు: ఆ ప్రోగ్రామ్ లాగ్‌ని అపెండ్ (ఎప్పుడూ చివరనే చేర్చే) పద్ధతిలో తెరవకపోతే, తర్వాతి లైన్ పాత చోటు నుంచే రాస్తుంది. అప్పుడు ఎల్‌ఎస్ మళ్ళీ 26 జీబీ అంటుంది. భయపడకండి, మధ్యదంతా శూన్యం. డీయూ అడిగితే కొద్ది కేబీలే చూపిస్తుంది. ఈ విషయంలో డీయూ మాటే నమ్మండి.

[స్క్రీన్: డీఎఫ్ మైనస్ ఐ]

ఇంకో రకం ఉంది. డీఎఫ్ 40 శాతమే అంటుంది, అయినా చోటు లేదనే ఎర్రర్. అప్పుడు మైనస్ ఐ. అయిపోయింది చోటు కాదు, ఐనోడ్లు. ఈఎక్స్‌టీ4 అనే ఫైల్‌సిస్టమ్‌లో డిఫాల్ట్‌గా ప్రతి 16 కేబీకి ఒక ఐనోడ్ చొప్పున ఫార్మాట్ చేసేటప్పుడే కేటాయిస్తారు. పీహెచ్‌పీ సెషన్ ఫైళ్ళలాంటి చిన్నచిన్నవి లక్షల్లో పేరుకుంటే ఇది జరుగుతుంది. డీయూకి మైనస్ మైనస్ ఐనోడ్స్ ఇస్తే ఏ ఫోల్డర్‌లో ఎన్ని ఉన్నాయో లెక్క చెప్తుంది. ఎక్స్‌ఎఫ్‌ఎస్ అనే ఇంకో ఫైల్‌సిస్టమ్‌లో ఐనోడ్లు అవసరాన్ని బట్టి పుడతాయి కాబట్టి ఈ బాధ తక్కువ.

ఇక మొదట్లో గుర్తుపెట్టుకోమన్న ఆ 2 జీబీ. ఈఎక్స్‌టీ4 ఫైల్‌సిస్టమ్ తయారుచేసేటప్పుడే 5 శాతం రూట్, అంటే అడ్మిన్ యూజర్, కోసం పక్కన పెడతారు. మామూలు యూజర్లకి అవైల్ సున్నా అయినా రూట్ లాగిన్ అయి సర్దుకోగలగాలని. 50 జీబీ సిస్టమ్ డిస్క్‌కి ఇది మంచి ఏర్పాటే, కదపకండి. వీడియోలు, బ్యాకప్‌లు దాచుకునే పెద్ద డేటా డిస్క్‌కైతే 5 శాతం దండగ అని నా అభిప్రాయం. ట్యూన్2ఎఫ్‌ఎస్ మైనస్ ఎం 1 కొడితే 1 శాతానికి దిగుతుంది, ఫార్మాట్ అక్కర్లేదు.

[స్క్రీన్: సుడో మౌంట్ మైనస్ మైనస్ బైండ్ స్లాష్ స్లాష్ ఎంఎన్‌టీ]

ఎల్‌ఎస్‌ఓఎఫ్‌లో ఏమీ లేదు, అయినా రెండు లెక్కలు కలవడం లేదంటే ఇది చూడండి. స్లాష్ బ్యాకప్‌ ఫోల్డర్‌కి వేరే డిస్క్ మౌంట్ అవ్వాలి, అంటే తగులుకోవాలి. ఒకరోజు అవ్వలేదు. స్క్రిప్ట్‌కి అది తెలియదు కాబట్టి బ్యాకప్ అంతా సిస్టమ్ డిస్క్ మీదే రాసేసింది. మర్నాడు డిస్క్ మౌంట్ అయింది, కింద రాసిన ఫైళ్ళన్నీ దానికింద కప్పబడిపోయాయి. బైండ్ మౌంట్ చేసి, అంటే సిస్టమ్ డిస్క్‌ని స్లాష్ ఎంఎన్‌టీలో కూడా కనిపించేలా చేసి, స్లాష్ ఎంఎన్‌టీ స్లాష్ బ్యాకప్ మీద డీయూ కొట్టండి. పైన మౌంట్ అయిన డిస్క్ అడ్డు లేకుండా, అడుగున పడున్నవి బయటపడతాయి. అక్కడే తీసేసి, యూమౌంట్ చేసి, ఆ స్క్రిప్ట్ మొదట్లో మౌంట్‌పాయింట్ మైనస్ క్యూ స్లాష్ బ్యాకప్ అనే తనిఖీ లైన్ పెట్టండి, మౌంట్ లేకపోతే అక్కడే ఆగిపోయేలా.