కిలోమీటరుకింత చందా

శ్రోతలకు నమస్కారం.

భూకంపంలో ఇళ్లు కోల్పోయిన వారికోసం ఒక కుటుంబం, తల్లీ తండ్రీ చెరో మోటారు సైకిలు నడుపుతూ, పిల్లల్ని చెరొకరు వెనక కూర్చోబెట్టుకుని, ఊరూరా తిరిగి చందాలు పోగు చేస్తోందంటే వినేవారికి మొదట ముచ్చట వేస్తుంది. ఆ వెంటనే, ఆ పెట్రోలు డబ్బులేవో నేరుగా బాధితులకే పంపవచ్చు కదా అన్న అనుమానమూ వస్తుంది. అనుమానం న్యాయమైనదే కనుక ముందు దాని సంగతి చూద్దాం.

విపత్తు జరిగిన తొలి రోజుల్లో కొన్నిసార్లు డబ్బుకు కొరత ఉండదు. 2004 డిసెంబరు 26న హిందూ మహాసముద్రంలో సునామీ వచ్చినప్పుడు ఎం.ఎస్.ఎఫ్. అనే అంతర్జాతీయ వైద్య సేవా సంస్థ, తాను చేయగల పనికి సరిపడా సొమ్ము అందింది కనుక సునామీ పేరిట ఇక విరాళాలు పంపవద్దని కొద్ది రోజుల్లోనే దాతలను కోరింది. అసలు ఇబ్బంది టీవీ కెమెరాలు వెళ్లిపోయాక మొదలవుతుంది. నేపాల్‌లో 2015 ఏప్రిల్ 25న 7.8 తీవ్రతతో వచ్చిన భూకంపంలో సుమారు 9 వేల మంది మరణించారు, దాదాపు 5 లక్షల ఇళ్లు పూర్తిగా కూలిపోయాయి. పునర్నిర్మాణం కోసం ఏర్పాటైన జాతీయ సంస్థ పనిలోకి దిగేసరికే ఆ ఏడాది డిసెంబరు వచ్చింది. ఇంటికి 3 లక్షల నేపాలీ రూపాయల సాయాన్ని మూడు విడతలుగా, కట్టుబడి నిబంధనల ప్రకారం ఉందో లేదో ఇంజనీర్లు చూసిన మీదట ఇచ్చారు. ఈలోగా ఎన్నో కుటుంబాలకు వానాకాలాలు రేకుల కిందే గడిచిపోయాయి.

ఇటువంటి యాత్ర పనికి వచ్చేది సరిగ్గా ఈ మరపు కాలంలోనే. కారులో వెళ్లేవారిని దారిలో ఎవరూ పలకరించరు గాని, దుమ్ము కొట్టుకుపోయిన బండి దిగి పదేళ్ల పిల్ల హెల్మెట్ తీస్తుంటే ఎవరో ఒకరు "ఎక్కణ్ణించమ్మా?" అని అడగక మానరు. కూలిన ఇంటిని మళ్లీ కట్టేటప్పుడు తలుపుల పైఎత్తున గోడలన్నిటినీ చుట్టి ఒక కాంక్రీటు పట్టీ పోస్తారనీ, నడుముకు బెల్టులాగా అది గోడలను విడిపోకుండా పట్టి ఉంచుతుందనీ, చందా ఆ ఇనుముకూ సిమెంటుకూ వెళుతుందనీ ఆ పిల్ల చెప్పగలిగితే చాలు, వేరే ఉపన్యాసం అక్కర్లేదు. పెట్రోలు, బస, మరమ్మతుల ఖర్చు మాత్రం కుటుంబమే భరించాలి. చందా సొమ్ములోంచి ఒక్క లీటరు పోయించుకున్నా మన అనుమానమే గెలిచినట్టు.

కిలోమీటరుకు ఇంత అని దాతలు ముందే మాట ఇచ్చే పద్ధతి ఒకటి ఉంది. వినడానికి సరదాగా ఉన్నా నాకు దాని మీద కొంత జంకు. దూరం పెరిగితే డబ్బు పెరుగుతుందన్న ఆశ చీకటి పడ్డాక కూడా బండి ఆపనివ్వదు. వేగం రెట్టింపయితే బ్రేకు పట్టాక బండి ఆగే దూరం ఇంచుమించు నాలుగింతలవుతుంది. వెనక బిడ్డ, పక్కన సంచులు ఉన్న బండిని అలసిన చేతులతో నడపడం ఎవరి ఇల్లు నిలబెట్టడానికి? కనుక మొత్తం దూరాన్ని, రోజుకు ఎంత దాటకూడదన్న హద్దును బయలుదేరక ముందే ప్రకటించడం మేలు.

సాయంత్రం ఇంజను ఆపి, వేడి తగ్గాక, తండ్రి చెయిను బిగువు చూసి నూనె పడుతుంటే, తల్లి బరువుకు తగినట్టు టైర్లలో గాలి సరిచూస్తుంటే, పిల్లలు మీటరు మీది అంకె చదివి నోటుపుస్తకంలో రాస్తారు. చందాలకు వేరే పుస్తకం. అందులో ప్రతి రూపాయికీ రసీదు నంబరు. యాత్ర ముగిసిన నెలలకు, సొమ్ము అందుకున్న సంస్థ నుంచి తెప్పించి, ఆ రెండు పుస్తకాల నకళ్లతో పాటు దాతలకు పంపవలసినది ఇంకొకటి ఉంది: కొత్త గోడల మీద ఆ పట్టీ పోసిన రోజున తీసిన ఫోటో.